మీ అమ్మే నా సాక్షి

ఈ చీటీ చూడగానే గేదెకు కుడితి పెట్టు. గడియ సరిగా పడటం లేదు, తలుపుకి రాయి అడ్డం పెట్టు. మీ అమ్మ కోసం వెతక్కు, నాతోనే ఉంది.

విలేకరులకు జీతమిచ్చి ఏడాది చదివించే యూనివర్సిటీ ఫెలోషిప్‌కి ఇవాళే నా ఇంటర్వ్యూ. వరదలో మీ అమ్మ ఇంటికప్పు మీద కూర్చున్న వార్త నేను రాస్తే, మా డెస్క్ ఇన్‌చార్జ్ తన పేరు వేసుకున్నాడు కదా. ఇప్పుడు ఆమెతో స్వయంగా మాట్లాడి రాశానని చెప్పి, దాంతోనే అతనూ దరఖాస్తు పెట్టాడు. నిలదీస్తే, "పల్లెటూరి విలేకరివి, నీకు పేరెందుకురా?" అని నవ్వాడు.

ఆ నవ్వు నేను మర్చిపోలేదు. నా వంతు రాగానే మీ అమ్మను పెద్దల ముందు నిలబెట్టి, "నీతో మాట్లాడింది ఎవరు అత్తయ్యా?" అని అడుగుతాను. ఇన్నాళ్లూ నేను పడ్డ మాటలు ఇవాళ అతను పడతాడు.

నీ కొత్త చెప్పులు మీ అమ్మ వేసుకుంది. అవి ఆమె చేతిలోకి వస్తే మాత్రం నేను అడ్డుపడను.