హీరో బతికిన క్యాసెట్టు

డైరెక్టరు గారికి వీడియో షాపువాడి నమస్కారాలు.

మీ సినిమాకి రెండో ముగింపు ఎవడు పెట్టాడని పేపర్లో మండిపడ్డారు కదా, నేనేనండి. మీరు చివర్లో హీరోని చంపేశారు. పెళ్లికి ముందు మా ఆవిడ ఆ క్యాసెట్టు అద్దెకు అడిగింది. ఏడుస్తుందని చావు కోసేసి, మొదట్లోని పడవ పాట చివర అతికించాను. ఊరంతా దాని కాపీలే అడిగింది. మీ ముగింపు హాల్లో వారం ఆడింది, నాది ఇళ్లల్లో ముప్పై ఏళ్లుగా ఆడుతోంది.

“హీరో చావడమేంటి, నా కళ్లతో చూశాను!” అని మా ఆవిడ ఇప్పటికీ అందరితో పోట్లాడుతుంది. ఆ సినిమాని మీరు డిస్కుగా తెస్తున్నారని విని, మొదటిది తనకే కావాలంది. నా ముగింపు కూడా అందులో పెట్టండి, పేరు వేయక్కర్లేదు. లేకపోతే మా ఇంట్లో హీరోతోపాటు నేనూ పోతాను.

ఇట్లు,
మీ సినిమాని బతికించినవాడు