వీధి తలుపు

మావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కిడ్నీ జబ్బుతో మంచం పట్టి నువ్వు సగంలో వదిలేసిన వీధి తలుపుని నిన్న నేనే పూర్తిచేసి గుమ్మానికి బిగించాను. కాశీబుగ్గ వడ్రంగిని పిలిచే స్తోమత లేక గరుకు కాగితంతో రుద్దుకున్నాను. పగుళ్లలో రంపపు పొట్టూ బంకా కలిపి కూరాను. రంగుకు బదులు జీడి తొక్కల నూనె పూస్తే అరచేతులు పొక్కాయి.

పొద్దున నీ తమ్ముడొచ్చాడు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ తొంగిచూడని మనిషి, తలుపు నిమిరి, "అన్న గుర్తుగా ఇది మా ఇంటికి ఎట్టుకుంతాను వదినా. నీకు రేకు తలుపు సేయిత్తాను" అన్నాడు.

"మీ అన్నని సూడ్డానికి రానోడివి, తలుపు కోసం వచ్చినావేటి?" అన్నాను.

అతను అరుగు మీద ఉండగానే తలుపు వేసేశాను. నువ్వుంటే అతన్ని లోపలికి పిలిచి, నన్ను టీ పెట్టమనేవాడివి. అందుకే నీ మీద కూడా కోపంగానే ఉంది.