కాపలా కణాలు

మెట్‌పల్లి,
ఆగస్టు 1994

లీలక్కకు నర్మద ప్రేమతో,

ఇదివరకు రాసిన రెండు ఉత్తరాలకు మీరు జవాబివ్వలేదు. నాకు కోపం లేదక్కా. హైదరాబాదు ఆస్పత్రిలో ఒకే వారంలో మనిద్దరికీ ఊపిరితిత్తిలోని క్యాన్సర్ గడ్డ తీశారు. పక్క మంచం మీదున్న నాతో "దొరసాని అంటవేందే, అక్కా అను" అన్నది మీరే. డాక్టరమ్మ మన గడ్డల పరీక్ష సంగతి చెప్పిన రోజు నుంచే మీరు గోడవైపు తిరిగి పడుకున్నారు. రోగంతో కొట్లాడే తెల్లకణాలు నా గడ్డలోకి గుంపుగా చొరబడ్డాయి, అలాంటివాళ్లకు రోగం తిరగబెట్టే భయం తక్కువ అన్నది. మీ గడ్డలో అవి పల్చగా ఉన్నాయన్నది. "ఇది హామీ కాదమ్మా, ఇద్దరూ చూపించుకుంటూనే ఉండాలి" అని కూడా అన్నది. అది నా చెవికెక్కలేదు.

మా ఆయన అంబదాస్ మగ్గాల షెడ్డు నుంచి రాగానే "నీకిగ ఫికర్ లేదే" అనేవాడు. నేనూ నమ్మి, చూపించుకోవడం మానేశాను. మొన్న నడుము నొప్పికి ఒక్కదాన్నే మీ కరీంనగర్ ఆస్పత్రికి వచ్చాను. రోగం వెన్నెముకలోకి పాకిందన్నారు. ఆయనకింకా చెప్పలేదు. మీ గేటు దాకా వచ్చి, మీరు భయపడతారని వెనక్కి తిరిగాను. కానీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మీరు మాత్రం చూపించుకోవడం మానకండి.

మీ చెల్లె,
నర్మద

కరీంనగర్

నా నర్మదకు,

నీ పాత ఉత్తరాలు నేను విప్పనేలేదు. బాగున్నానని రాసి ఉంటావని, అది చదవలేనని పక్కన పడేశాను. నిన్న ఈ ఉత్తరం చదివాక వాటినీ విప్పాను. రెండింటిలోనూ నీ గురించి ఒక్క ముక్క లేదు. "అక్కా, ఆయాసం తగ్గిందా, అన్నం తింటున్నారా" అనే అడిగావు. చాలాసేపు ఏడ్చాను.

నేను భయంతో ప్రతిసారీ పోయి చూపించుకుంటూనే ఉన్నాను. పోయిన నెల కూడా ఏమీ లేదన్నారు. ఆ సంతోషం ఇప్పుడు సంతోషంలా లేదు.

వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. అంబదాస్‌కు నువ్వొక్కదానివే చెప్పుకోవద్దు, నేను పక్కన కూర్చుంటాను. తర్వాత నిన్ను మా ఇంటికి తెచ్చుకుంటాను. ఇక్కడైతే ఆస్పత్రి దగ్గర. మా అత్తమ్మ "సాలోళ్ల పిల్లను ఇంట్ల పండవెడ్తవా?" అన్నది. "నా చెల్లె అత్తమ్మా, నా అర్రల్నే, నా మంచం పక్కనే పంటది" అన్నాను.

నయమవుతుందని నీకు అబద్ధం రాయలేను. చీరలు సర్దిపెట్టుకో.

నీ అక్క,
లీల