ముప్ఫై ఆరు ఫోర్డు, అరవై ఐదు మస్టాంగ్

గోదావరిఖని,
జనవరి 1973

నా సువార్తకు,

నువ్వూ పాపా మంచిర్యాలలో మీ అమ్మ దగ్గర క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నా మనసు బాగాలేదు. నీకు ఇంతవరకు రాయని సంగతి ఒకటుంది.

అలీముద్దీన్ అన్న షెడ్డుకు రెండు అమెరికా కార్లు రిపేరుకు వస్తాయని చెప్పాను కదా. లారీల కాంట్రాక్టరు లింగమూర్తి గారిది ముప్ఫై ఆరు నాటి ఫోర్డు. హైదరాబాదులో ఏదో నవాబు ఇంటి నుంచి కొన్నారు. ఆయనంటే పడని నర్సింగం గారిది అరవై ఐదు నాటి మస్టాంగ్. ఢిల్లీలో ఎవరో దొర వదిలి వెళ్తే తెచ్చుకున్నారు. రెండింటికీ ఎనిమిది సిలిండర్లే. తన రోజుల్లో ఫోర్డు అంత వేగంగా ఉరికే బళ్ళు అరుదట. ఇప్పటికీ ఆ ఇంజను గొంతు మెత్తగా, లోతుగా ఉంటుంది. కానీ మస్టాంగ్ బలం దానికి రెండింతల పైనే. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అంటుకుపోతుంది. ఫోర్డు బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేస్తాయి, ఎంత తొక్కినా కొంత దూరం పోయాకే ఆగుతుంది. మస్టాంగ్ తొక్కినచోటే నిలబడుతుంది. దానితో చిక్కల్లా స్టీరింగు ఎడమవైపు ఉండటం. ముందు లారీ ఉంటే ఎదురుగా ఏమొస్తోందో డ్రైవరుకు కనపడదు.

ఏ బండి గొప్పదో తేల్చాలని యజమానులిద్దరూ పంతం పట్టారు. ఆదివారం ఇక్కణ్ణుంచి బసంత్‌నగర్ దాకా పందెం. మస్టాంగ్ నడిపేది అన్న, ఫోర్డు నడిపేది నేను. గెలిస్తే బొగ్గుగనుల కంపెనీలో డ్రైవరు డ్యూటీ ఇప్పిస్తానని లింగమూర్తి గారు మాటిచ్చారు. అన్నతో ఒక్క మాటైనా చెప్పకుండా ఒప్పుకున్నాను. పని నేర్పిన మనిషి, అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. పానా కావలసినా నన్ను అడగడు, లేచి తానే తెచ్చుకుంటాడు.

వద్దని రాస్తావని తెలుసు. అయినా నడపడానికే నిశ్చయించుకున్నాను.

నీ
మత్తయి


సోమవారం

సువార్తా,

కంగారు పడకు, మాకెవరికీ ఏమీ కాలేదు.

బయలుదేరగానే మస్టాంగ్ కంటికి అందకుండా పోయింది. బసంత్‌నగర్ ఇంకాస్త ఉందనగా సిమెంటు లారీ వెనక చిక్కుకుంది. నేను అందుకున్నాను. అన్న రెండుసార్లు పక్కకు తీసి మళ్ళీ వెనక్కి తగ్గాడు. కుడివైపు కూర్చున్న నర్సింగం గారే దారి చూసి చెప్పాలి. మూడోసారి బండి రోడ్డు మధ్యకు వచ్చింది. నా స్టీరింగు కుడివైపు. అప్పుడే నాకు ఎదురుగా వస్తున్న బస్సు కనిపించింది.

హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. దారి అడుగుతున్నాననుకుని అన్న ఇంకా వేగం పెంచుతాడేమోనని భయపడ్డాను. మస్టాంగ్ చటుక్కున లారీ వెనక్కి వచ్చేసింది. బస్సు దాన్ని రాసుకున్నట్టే పోయింది.

అన్న బండి పక్కకు ఆపి దిగాడు. నర్సింగం గారి చేతిలో తాళం పెట్టి, “రోడ్డు ఖాళీగున్నదని మీరే చెప్పిన్రు సేఠ్. ఇంక నేను నడప” అన్నాడు.

లింగమూర్తి గారు నా పక్కనే ఉన్నారు. “ఆపకు. ఇప్పుడు పోతె మనమే గెలుస్తం” అన్నారు. మస్టాంగ్‌ను దాటిన కాస్త దూరంలో నేను ఆపాను. దిగి వెనక్కి నడుస్తుంటే ఆయనే స్టీరింగు పట్టుకుని వెళ్ళిపోయారు. ఫోర్డే గొప్పదని ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటోంది.

మేమిద్దరం తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. హారన్ విని ఏమనుకున్నావని చివరికి నేనే అడిగాను.

“ఏమనుకునేటందుకు టైమెక్కడిది తమ్మీ. సేఠ్ పొమ్మంటుండు, నువ్వు కొడుతున్నవు. దారి కోసం నువ్వు గట్ల కొట్టవు.”

కంపెనీ డ్యూటీ మాట ఇక లేదు. ఆ రెండు కార్లూ మళ్ళీ మా షెడ్డుకు రావు. నిన్న అన్న వాళ్ళింట్లో రబియా వదిన నన్ను అన్నం తినకుండా పంపలేదు. నువ్వు ఎప్పుడొస్తావని ఇద్దరూ అడిగారు. ఏ రైలుకు వచ్చేదీ రాయి. అన్నా నేనూ స్టేషనుకు వస్తాం. పాపకు చలి తగలకుండా కప్పి తీసుకురా.

నీ
మత్తయి