అమ్మ చెయ్యి పట్టుకున్నామె

మదార్బీ అక్కకు జెద్దా నుంచి తమ్ముడు సలాము చేసి రాసేది.

ఫోనులోనైతే పక్కనే అమ్మ వింటుందని, ఊరికొస్తున్న ఖాజావలి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఉమ్రా యాత్రకని మక్కా వచ్చిన అమ్మను చెయ్యి వదలకుండా తిప్పానని నన్ను మెచ్చుకున్నావు. తిప్పింది నేను కాదక్కా.

అమ్మ మక్కాలో ఉన్న వారమే, నేను పనిచేసే విల్లాల కాంపౌండులో గోల్ఫ్ పోటీలు. ఆడేది రిటైరైన ముసలివాళ్లు. వాళ్లను బండిలో తిప్పడం, చెయ్యందించి దించడం, గడ్డిలో బంతి దొరికేదాకా ఓపిగ్గా నిలబడటం నా పని. మక్కా గంట దూరమే, ఒక్క పూట పోయొస్తానని మేనేజరును బతిమాలాను. సెలవివ్వలేదు. అమ్మకు చెబితే, "నీ పని చూసుకో నాయనా. మదనపల్లామె ఎవరో నా చెయ్యి పట్టుకోని తిప్పుతాందిలే" అనింది.

ఆ మోకాళ్లతో, అంత జనంలో!

ఆమె ఎవరో కనుక్కో అక్కా. అమ్మను కాదు, వాళ్లను తీసుకొచ్చిన ఏజెంటును అడుగు. ఒకసారి వాళ్లింటికి పోయి, నా సలాము చెప్పిరా.

వీధిలో అందరికీ అమ్మ నా పేరే చెబుతోందన్నావు. చెప్పుకోనీ. ఎవరైనా నిన్నడిగితే, అవునను.