రోలు కట్టిన తాడు

పెందుర్తి,
సెప్టెంబరు 1984

నాయనా శ్రీరామ్మూర్తీ,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేను, మీ నాన్న, ఆయన కోపం అందరం క్షేమం. భిలాయిలో నీ స్టీలు ప్లాంటు ట్రైనింగు బాగా సాగుతోందని తలుస్తాను. హాస్టల్లో పప్పు నీళ్లలా ఉంటోందని రాశావు. నేనొచ్చి వండిపెట్టేదాకా అదే తిను.

మన ఇల్లుబండి సంగతి అడిగావు. పాత వ్యానులో మీ నాన్న మంచం, పొయ్యి, గిన్నెల అర అన్నీ బిగించారు. బ్రేకులు కొత్తవి వేయించారు. నువ్వు రాసినట్టే బండి నడిచేటప్పుడు పొయ్యి వెలిగించడం లేదు. సాలూరు ఘాటు రోడ్డు ఎక్కించి నన్ను నీ దగ్గరికి తీసుకొస్తానని ఆయన వీధంతా చెప్పేశారు. నేనేమో రోలు లేకుండా కదలనన్నాను. హోటలు పచ్చళ్లు నాకు సయించవని నీకు తెలుసు. ఆయన గొణుగుతూనే దాన్ని వ్యాను గోడ కొక్కేలకి తాడుతో కట్టారు. పోర్టు లారీల్లో ఏళ్ల తరబడి ఇనుప కడ్డీలు కట్టి తోలిన మనిషి. ఆయన ముడి జారిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు.

ఇక్కణ్ణుంచి కంగారుపడకుండా చదువు. మొన్న ఆదివారం బండి ఎలా నడుస్తుందో చూద్దామని సబ్బవరం దాకా వెళ్లాం. తిరిగొస్తుంటే గేదెలు అడ్డొచ్చాయి. ఆయన బ్రేకు తొక్కారు. రోలు దొర్లుకుంటూ పోయి ఆయన సీటు వెనక గుద్దింది. బండి పొలంలోకి దిగి ఆగింది. మంచం మీదున్న నేను కిందపడ్డాను. నాకు మోచెయ్యి గీసుకుంది, ఆయనకి వీపు కమిలింది, అంతే. సీటు వెనక ఇనుప పలక ఉండబట్టి సరిపోయింది.

అప్పట్నుంచీ ఆయన బండి దగ్గరికి వెళ్లలేదు. "నా సేతి ముడి జారిపోనాది. ఇంక నాను బండి ముట్టను," అన్నారు. అన్నం ముందు కూర్చుని చేతులకేసి చూసుకునేవారు. బండి అమ్మేస్తానని మద్దిలపాలెం బేరగాడికి కబురు పెట్టారు.

నీకో మాట చెప్పాలి. ఆ ముడి జారలేదు. సబ్బవరం తోటలో భోజనానికి ఆగినప్పుడు పచ్చడి నూరడానికి నేనే విప్పాను. తిన్నాక తాడు పైపైన చుట్టి వదిలేశాను. ఆయన ముడి నాకు చేతకాదు. పిలిస్తే, రోలు వద్దన్నానా లేదా అని మొదలుపెడతారని పిలవలేదు. తర్వాత సిగ్గేసి నోరు మెదపలేదు.

నిన్న ఆ బేరగాడు వచ్చి టైర్లు తడుముతుంటే ఉండబట్టలేకపోయాను. గుమ్మంలోంచే అనేశాను. "ముడి నానే ఇప్పినాను."

ఆయన నా వైపు తిరిగారు. "నిజింగా నువ్వే ఇప్పినావేటి?"

తలూపాను. మళ్లీ అడిగారు, మళ్లీ తలూపాను. ఇక తిట్లు మొదలవుతాయని నిలబడ్డాను. ఆయన బేరగాడికి టీ ఇమ్మని, బండి అమ్మడం లేదని చెప్పి పంపేశారు. సాయంత్రానికల్లా సీటు వంపు తీయించారు. ముందు సీటుకి నా కోసం నడుం పట్టా బిగించారు. బండి కదిలితే నేను మంచమెక్కడానికి లేదట. రోలు పెరట్లో దించేశాం, అది రాదు. వానలు తగ్గగానే మేం బయల్దేరతాం.

పొద్దున్నుంచీ పక్కింటి సూరన్నకీ, పాలమ్మాయికీ నవ్వుతూ ఒకటే చెబుతున్నారు, జారింది నా ముడి కాదు, మా ఆవిడే విప్పిందని. కాపురానికొచ్చి ఇన్నేళ్లయింది. నా తప్పుకి మీ నాన్న ఇంత సంతోషపడటం ఎప్పుడూ చూడలేదు.

ఇట్లు,
ముందు సీటులో కూర్చుని రాబోతున్న
మీ అమ్మ