శబ్దం ఉంది, బొమ్మ లేదు

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. నేను క్షేమం. నాన్న కూడా క్షేమమేనని రాయడానికి చెయ్యి ఆడలేదు. ఆ ఒక్క వాక్యం మానేస్తున్నాను. ఓడ మీద నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను.

ఫోనులో చెప్పకుండా ఇంత ఉత్తరమెందుకని అనుకుంటావేమో. నువ్వు రేవులో దిగి ఫోను చేసినప్పుడల్లా నాన్న కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంటారు. ఇది ఆయన వింటుండగా చెప్పగలిగిన సంగతి కాదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నా కళ్ళజోడు మారలేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకోవడానికి అదే చాలుతోంది. వంటింటి కుళాయి బాగయింది. మెట్ల దగ్గర బల్బు ఎందుకు మార్చామని అడిగావు. చీకటిగా ఉందని నాన్న అన్నారు. పెద్దది పెట్టించాను. దాని కిందే నిలబడి, ఇంకా చీకటిగానే ఉందన్నారు.

ఇక టీవీకి తగిలించి ఆడే నీ పాత ఆటపెట్టె. మూత విప్పి, టీవీకి వెళ్ళే తీగ లోపల కలిసేచోట అతుకు విడిందేమో చూడమన్నావు. చూశాను, విడలేదు. ఉబ్బిన కెపాసిటరు ఏదైనా ఉందా అని అడిగావు. దేని తలా ఉబ్బలేదు. పెట్టెలో గుచ్చే ఆట బిళ్ళ అంచుని రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచాను. నోటితో ఊదొద్దని నువ్వు రాసిన ముక్క నాన్నకు చదివి వినిపిస్తే నవ్వారు.

"ఓడెక్కాక మీ అన్నకు ఊదడం తప్పయిపోయిందా? చిన్నప్పుడు వాడు ఊదిన ఊదుళ్ళకే కదే అది ఇన్నేళ్ళు బతికింది."

అన్నయ్యా, ఆ పెట్టెకు ఇప్పుడు ఏ లోపమూ లేదు. నీ చివరి ఉత్తరంలో నువ్వు చెప్పినవన్నీ చేస్తూనే ఉన్నాను గానీ, వాటి అవసరం లేదని నాకు ముందే తెలుసు.

మొదటి నుంచీ చెబుతాను. అటక మీది ఆ పెట్టెను దింపమని నాన్నే అడిగారు. తెర మీద పైనుంచి ఇటుకలు దిగుతుంటే తిప్పి, సందు చూసి కూర్చోబెట్టే ఆట ఉంది కదా, అది ఆడాలన్నారు. క్రేను నడిపేవాడికి అది జీతం లేని డ్యూటీ అని నువ్వు వెక్కిరించేవాడివి. యార్డులో పొద్దంతా ఇనుప దూలాలు దించి వచ్చిన మనిషికి ఇంట్లో ఇటుకలు దించాలని ఎందుకనిపించిందో నేను ఆలోచించలేదు. కాలక్షేపం అనుకున్నాను.

తగిలిస్తే లైటు వెలిగింది, పాట వచ్చింది, తెర మీద మాత్రం బూడిదరంగు ముసురు. శబ్దం ఉంది, బొమ్మ లేదని నీకు మొదటి ఉత్తరం రాశాను. అది నిజం.

నీ జవాబు రాకముందే లోపం దొరికింది. తీగ చివర మధ్యలో ఉండే సన్నటి సూది వంగి, గోడకు చేరగిలబడినట్టు పక్కకు ఒరిగి ఉంది. పట్టకారుతో నిలబెట్టాను. తీగ గుచ్చగానే బొమ్మ వచ్చింది. ఎర్రవి, పచ్చవి, నీలివి, ఒకదాని వెనక ఒకటి ఇటుకలు దిగుతున్నాయి. చాలా సంతోషించాను. నాన్న డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆపకుండా అలాగే ఉంచాను.

ఆయన వచ్చి, చెప్పులైనా విప్పకుండా తెర ముందు కూర్చున్నారు. తిన్నగా దానివైపే చూశారు.

"పాట వస్తోంది. బొమ్మ ఏదమ్మా?"

ఆయన వేళాకోళం ఆడుతున్నారనుకున్నాను. మొహం చూస్తే అలా లేదు.

"అంచుల్లో ఏదో మెరుస్తోంది. మధ్యలో ఏం లేదు. నీకేమైనా కనిపిస్తోందా?"

స్కూల్లో సిస్టర్లు మనకు నేర్పింది ఒకటే, అడిగినదానికి జవాబు చెప్పాలి, అడగనిది మాట్లాడకూడదు. నాకు అది బాగానే ఒంటబట్టిందని నువ్వు ఆటపట్టిస్తుంటావు. ఆ రోజు నాన్న అడిగారు. ఇటుకలు ఆయన మొహానికి ఎదురుగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి.

"లేదు నాన్నా" అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి గుండెల నిండా ఊపిరి తీసుకున్నారు. "హమ్మయ్య. పెట్టెదే లోపం అన్నమాట" అన్నారు. అప్పుడు నాకర్థమైంది. ఆయన ఆడుకోవడానికి అడగలేదు. తన కళ్ళను తానే, ఎవరికీ తెలియకుండా పరీక్ష పెట్టుకున్నారు. ఆ పరీక్షలో నేను ఆయన్ని పాస్ చేశాను.

మర్నాడు హుషారుగా క్రేను ఎక్కారు. నేను నీకు రెండో ఉత్తరం రాశాను, బొమ్మ ఇంకా రాలేదని. ఇది నీకు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. నువ్వు పాపం ఎక్కడో సముద్రం మీద కూర్చుని, లేని జబ్బుకు మందులు ఆలోచించి నాలుగు పేజీలు రాశావు. నేను ఇక్కడ మరలన్నీ గిన్నెలో వేసి, మూత తెరిచిన పెట్టెను బల్ల మీద ఉంచుకున్నాను. అది అలా తెరిచి ఉన్నంతకాలం నాన్న మళ్ళీ అడగరు కదా అని.

నిన్న పొడుగు మామయ్య దగ్గరికి వెళ్ళాను. గుర్తున్నాడుగా, మనిషి నీ భుజం దాకా కూడా రాడు. క్రేను గదిలోంచి చూస్తే ఎవడైనా ఒకటే పొడుగు అని నాన్న ఆయనకు ఆ పేరు పెట్టారు. ఇన్నేళ్ళూ కింద నిలబడి నాన్నకు చేతులతో సైగలు చేసే మనిషి ఆయనే. యార్డు గేటుకు ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను గ్లాసు వైపు చూస్తూ ఉంటే ఆయనే మొదలుపెట్టాడు.

"మీ నాన్న కళ్ళ సంగతేనా తల్లీ?"

తలూపాను.

"చేతులూపడం మానేసి చాన్నాళ్ళయింది. ఈల వేస్తున్నా. ఒక ఈలకి దించాలి, రెండింటికి ఆపాలి. పొడుగ్గా ఊదితే ఎడమకి. అడిగినవాళ్ళకి నా భుజం నొప్పని చెప్పాం. చూడు, ఊదీ ఊదీ నా పెదాలెలా అయ్యాయో. మా ఆవిడ అనుమానపడుతోంది కూడానూ."

నవ్వబోయి ఆగిపోయాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఈ మధ్య నేనో దగ్గు దగ్గేసరికి ఈల తప్పింది. దూలం పోయి, గొలుసు కట్టేవాడి చెప్పు మీద దిగింది. కాలు అప్పుడే తీశాడు గనక చెప్పొక్కటే పోయింది. అందరం నవ్వాం. పైనుంచి మీ నాన్న కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నామో ఆయనకి తెలీదు."

"మీరు ఆయనకు చెప్పలేదా మామయ్యా?"

"చెప్పాను. కళ్ళు చూపించుకో బావా అన్నాను. ఏమన్నాడో తెలుసా? 'నా కళ్ళు బాగానే ఉన్నాయిరా, ఇంట్లో ఆటపెట్టే పాడైంది, మా అమ్మాయి కూడా చూసి చెప్పింది' అన్నాడు. నువ్వు చెప్పావన్నాక నేనింకేం మాట్లాడను?"

చేతిలో టీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

మామయ్యను గోడౌనుకు మార్చారట. రేపటి నుంచి కొత్త మనిషి వస్తాడు. అతనికి ఈలల లెక్క తెలీదు, చేతులతోనే సైగ చేస్తాడు. "నా నోటితో నేను చెప్పలేనమ్మా, ఆయన అన్నం నేను తీసేసినట్టుంటుంది" అని మామయ్య లేచి, భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఈరోజు ఆదివారం. నాన్న ఇంట్లోనే ఉన్నారు. మధ్యాహ్నం పెట్టెకు మరలు బిగించి, టీవీకి తగిలించి, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టాను. పాట మొదలైంది.

"ఇంకా రాలేదుగా" అన్నారు.

"వచ్చింది నాన్నా. ఆ రోజే వచ్చింది. నేనే లేదన్నాను."

ఆయన కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నారు. పాట సాగుతూనే ఉంది.

"అంటే ఇప్పుడు ఇటుక దిగుతోందా?"

"దిగుతోంది. పొడుగుది. మధ్యలో ఉంది."

చెయ్యి చాపి టీవీ అద్దం తడిమారు. "ఇక్కడా?"

"కాదు నాన్నా."

కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. తల పక్కకు తిప్పి, పావురం చూసినట్టు కంటి చివరతో చూడడం మొదలుపెట్టారు. "ఆగాగు. ఇలా చూస్తే దొరుకుతోంది." ఒక ఇటుకను సరిగ్గా సందులో కూర్చోబెట్టారు. ఒక్కటే. తర్వాతవి ఎక్కడ పడ్డాయో ఆయనకు తెలియలేదు.

"చూశావా? అలవాటైతే ఇదే చాలు."

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. "డాక్టరు కాగితం రాస్తాడు, ఆ కాగితం యార్డుకి పోతుంది, నన్ను దించేస్తారు. నేల మీద నేనేం చెయ్యనే?" అన్నారు. ఆ మాటకు జవాబు నీ దగ్గర ఉంటే రాయి. తర్వాత మెల్లిగా, కొంచెం గర్వంగా కూడా అన్నారు. "ఇన్నాళ్ళూ ఎవడూ కనబడకుండానే దించాను కదా. ఒక్కడికైనా దెబ్బ తగిలిందా?"

అన్నయ్యా, కింద మనుషులు కనిపించడం లేదని ఆయనకు తెలుసు. ముందు నుంచీ తెలుసు.

రేపు పొద్దున ఆయనకంటే ముందు బయల్దేరి యార్డు ఆఫీసుకు వెళ్తాను. కొట్టువాణ్ణి చిల్లర అడగడానికే నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అక్కడ చెప్పాల్సింది కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి చూశాను. "మా నాన్నకు కనిపించదు." ఇంతకంటే చిన్నగా రాయడం నాకు చేతకాలేదు. దారిలోనే ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేస్తాను. నువ్వు ఫోను చేసేసరికి ఆయన నాతో మాట్లాడడం మానేసి ఉండవచ్చు. కుర్చీ నా పక్కకు లాక్కోకపోవచ్చు. అప్పుడు నన్నేమీ అడగకు, ఫోను ఆయనకిమ్మని చెప్పు.

సాయంత్రం కావస్తోంది. ముందుగదిలో ఆయన ఇంకా ఆడుతూనే ఉన్నారు, రేపటికి అలవాటు చేసుకుంటున్నారు. ఆట పోయినప్పుడు వచ్చే చిన్న పాట వినిపిస్తోంది. ఆగుతోంది. మళ్ళీ మొదలుపెడుతున్నారు.

ఇప్పుడే అక్కడి నుంచి కేకేశారు. "ఏం రాస్తున్నావమ్మా?"

"అన్నయ్యకు ఉత్తరం."

"బొమ్మ వచ్చిందని రాయి. పాపం, బెంగపెట్టుకుంటాడు."

రాశానన్నాను.

ఇట్లు,
నీ చెల్లెలు